ఊరి ఠాణా నుండి ఢిల్లీ వరకు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన దేశమున చట్టమును అమలుపరచు కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏ రీతిగా ఏర్పడియున్నవో చెప్పవలసినదని నన్ను కోరినారు. వినుటకిది ఢిల్లీలోని అధికారులకును, న్యాయవాదులకును పనికివచ్చు విషయమువలె తోచును. పొలము పనులు మానుకొని వచ్చిన మాకు దీనితో నేమి పని యని మీరు అనుకొనవచ్చును. పని గలదు. ఎట్లో మొదటనే చెప్పెదను.

ఒక రైతు తన యింట కూర్చుండియున్నాడనుకొనుడు. చేతిలోని ఫోను మ్రోగినది. "నేను ఢిల్లీ నుండి సి.బి.ఐ. అధికారిని మాట్లాడుచున్నాను. నీ ఆధారు సంఖ్యతో ఎవరో బ్యాంకు ఖాతా తెరచి దొంగసొమ్ము నడిపినారు. నీ పేర మత్తుమందుల పార్సెలు పట్టుబడినది. నిన్ను అరెస్టు చేసినాము. తలుపు వేసికొని ఫోను ఎదుటనే కూర్చుండుము. భార్యతో సైతము చెప్పకుము. నీ సొమ్మంతయు మేము చెప్పిన ఖాతాకు పంపుము, విచారించి తిరిగి ఇచ్చెదము" అని అవతలివాడు గద్దించును. ఫోను తెరమీద ఖాకీ దుస్తులు, వెనుక గోడమీద ప్రభుత్వ చిహ్నము కనబడును. రైతు గుండె జారిపోవును. ధాన్యము అమ్మిన డబ్బు, కుమార్తె పెండ్లికి దాచిన డబ్బు పంపివేయును. ఆ డబ్బు మరల కంటబడుట దుర్లభము.

దీనికి "డిజిటల్ అరెస్టు" అని పేరు పెట్టినారు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున దీనిని గూర్చి దేశ ప్రజలను హెచ్చరించవలసి వచ్చినది. చదువుకొన్నవారు, పెద్ద ఉద్యోగములు చేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు సైతము ఈ వలలో పడినారు. మోసగానికి కత్తి లేదు, తుపాకి లేదు. ఢిల్లీ అధికారి యనిన ఏమైనను చేయగలడను మన భయమే వానికి ఆయుధము. ఏ సంస్థ ఏ పని చేయునో, ఏ పని చేయజాలదో తెలిసినవానియెదుట ఆ ఆయుధము మొక్కపోవును.

మన పెద్దలెరిగిన గ్రామ వ్యవస్థను ఒకమారు తలచుకొనుడు. ఆంధ్ర జిల్లాలలో మునసబు, కరణము, తలారి, నీరుకట్టు ఉండెడివారు. తెలంగాణములో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ ఉండెడివారు. 1984లో ఆ వంశపారంపర్య పదవులు రద్దయినవి. వాని మంచి చెడ్డల మాట అటుంచుదము. ఒక్క సంగతి మాత్రము గమనింపుడు. శిస్తు వసూలు మాలీ పటేలుది, ఊరి కావలి పోలీసు పటేలుది, లెక్కలు పట్వారీవి. చెరువు తూము తీయువాడు నీరుకట్టు. తలారి వచ్చి "నీ పట్టా నేను మార్చెదను" అని బెదిరించిన ఎవరును నమ్మరు. ఎవరి పని ఏదో ఊరందరికిని తెలియును గనుక. దేశమునందు పోలీసు అధికారమును గూడ ఈ విధముగనే పంచియుంచినారు.

ఈ పంపకమునకు మూలము మన రాజ్యాంగము. అందు ఏడవ షెడ్యూలు అనునది యొకటి గలదు. దానిలో మూడు జాబితాలున్నవి. ఒకటి కేంద్రమునకు చెందిన విషయములది, రెండవది రాష్ట్రములది, మూడవది ఇరువురికిని ఉమ్మడి. రాష్ట్ర జాబితాలో మొదటి అంశము శాంతి భద్రతలు, రెండవ అంశము పోలీసు. అనగా మన ఊరి రక్షణ భారము ముఖ్యముగా రాష్ట్ర ప్రభుత్వముది. ఇది కొత్తగా వచ్చిన ఏర్పాటు కాదు. ఆంధ్ర జిల్లాలలోని పోలీసు వ్యవస్థ 1859 నాటి చెన్నపట్నపు చట్టముపై నిలిచినది. హైదరాబాదు సంస్థానమునకు వేరుగా దాని పోలీసు ఉండెడిది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగమును పోలీసును రాష్ట్రముల చేతనే ఉంచినది.

కనుక మొదటి మెట్టు మన ఠాణా. అందలి కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు, పైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, డిప్యూటీ సూపరింటెండెంటు, జిల్లాకు సూపరింటెండెంటు, రాష్ట్రమునకెల్ల డైరెక్టరు జనరలు, వీరందరును రాష్ట్ర ప్రభుత్వము క్రింద పనిచేయువారు. దొంగతనము, కొట్లాట, హత్య, అపహరణ, మోసము, ఇట్టి నేరములలో మిక్కిలి భాగమును విచారించువారు వీరే. కేంద్ర ప్రభుత్వపాలనలోనున్న ప్రాంతములలో మాత్రము పోలీసు కేంద్రము క్రింద నుండును. ఢిల్లీ నగర పోలీసు అట్టిది.

అట్లయిన కేంద్రమునకు వేరుగా సంస్థలేల యని మీరు అడుగవచ్చును. కారణములు మూడు. దేశ సరిహద్దును కాయుట ఏ ఒక్క రాష్ట్రమునకును శక్యము కాదు. కొన్ని నేరములు ఒక రాష్ట్రమున పుట్టి మరియొక రాష్ట్రమున పండును. కేంద్రమునకు సొంతమైన ఆస్తులు, ఉద్యోగులు, పన్నులు ఉన్నవి. వానిని కాపాడుకొనుట దాని విధి. ఈ మూడు అవసరములను బట్టి మూడు తెగల సంస్థలేర్పడినవి.

మొదటి తెగ సాయుధ దళములు. వీనిలో పెద్దది కేంద్ర రిజర్వు పోలీసు దళము. ఇది 1939 జూలై 27న నీమచ్ అను పట్టణమున సంస్థానముల అవసరమునకై ఏర్పడి, 1949 చట్టముచే నేటి పేరు పొందినది. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో పదిమంది పోలీసు జవానులు ప్రాణములర్పించిరి. ఏటేట ఆ దినమున మన జిల్లా కేంద్రములలో జరుగు పోలీసు అమరవీరుల సంస్మరణ దినమునకు మూలమదియే. 1962లో ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు, 1965 డిసెంబరు 1న సరిహద్దు భద్రతా దళము ఏర్పడినవి. నేపాలు, భూటాను సరిహద్దులను సశస్త్ర సీమా బల్ కాయుచున్నది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము 1969లో ఏర్పడినది. విశాఖ ఉక్కు కర్మాగారము వాకిట నిలిచియుండువారు ఈ దళమువారే.

ఈ దళములు మన జిల్లాకు ఎప్పుడు వచ్చును? ఎన్నికలప్పుడు, అల్లర్లప్పుడు, రాష్ట్రము తన బలము చాలదని తోచి కోరినప్పుడు వచ్చును. వచ్చినను జిల్లాలోని అధికారులకు తోడుగా నిలుచును. ఇవి కేసు వ్రాసికొని దర్యాప్తు జరుపునవి కావు. సరిహద్దు దళమువారు ఒకని పట్టుకొన్నను దగ్గరి ఠాణాకు అప్పగింపవలసినదే. అనగా ఇవి భుజబలము. విచారణ చేయునది వేరొకరు.

రెండవ తెగ దర్యాప్తు సంస్థలు. వీనిలో అందరెరిగినది కేంద్ర దర్యాప్తు సంస్థ, అనగా సి.బి.ఐ. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సరఫరా శాఖలలో లంచములు పెరుగగా, 1941లో ఒక ప్రత్యేక పోలీసు విభాగమును నెలకొల్పిరి. దానికి 1946లో ఢిల్లీ ప్రత్యేక పోలీసు చట్టము తోడైనది. 1963 ఏప్రిలు 1న కేంద్ర ప్రభుత్వ తీర్మానముచే సి.బి.ఐ. ఏర్పడినది. నేటికిని దాని అధికారములు ఆ 1946 చట్టమునుండియే వచ్చుచున్నవి.

ఆ చట్టములో ఆరవ సెక్షను మిక్కిలి ముఖ్యమైనది. రాష్ట్ర ప్రభుత్వము సమ్మతింపనిదే సి.బి.ఐ. ఆ రాష్ట్రమున తన అధికారమును చెలాయింపరాదని దాని భావము. ఈ సమ్మతి పేరుకు మాత్రమే యున్నది కాదు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము 2018 నవంబరులో తన సాధారణ సమ్మతిని ఉపసంహరించుకొని, 2019 జూనులో మరల ఇచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2022 ఆగస్టులో ఉపసంహరించుకొన్నది. సాధారణ సమ్మతి లేకున్నను, రాష్ట్రము తలచినచో ఒక్కొక్క కేసునకు విడిగా అనుమతి ఈయవచ్చును. ఇక న్యాయస్థానముల మాట. రాష్ట్రము సమ్మతింపకున్నను సుప్రీంకోర్టుగాని హైకోర్టుగాని సి.బి.ఐ. దర్యాప్తునకు ఆజ్ఞాపింపవచ్చునని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయితే ఈ అధికారమును అరుదుగా, అవసరమైనచోటనే వాడవలెనని గూడ హెచ్చరించినది.

రాష్ట్రమునకు కేంద్రమునకు మధ్య ఇట్టి పట్టు విడుపులు ఏల యని కొందరు విసుగుకొందురు. కేంద్రము తన సంస్థలను రాజకీయమునకు వాడుచున్నదని ఒకరును, తప్పులు కప్పిపుచ్చుటకు రాష్ట్రము సమ్మతిని నిరాకరించుచున్నదని మరియొకరును నిందించుకొనుట మీరు పత్రికలలో చూచుచునే యున్నారు. ఏ కేసులో ఎవరి మాట నిజమో తేల్చుట ఈ ప్రసంగము పని కాదు. కాని పట్టుకొను అధికారము గలవానికి అడ్డు చెప్పువాడొకడు ఉండవలెను. కంచెయే చేను మేసినచో రైతు ఎవరితో చెప్పుకొనును? రాజ్యాంగ నిర్మాతలు ఒక్క కంచెనే నమ్ముకొనలేదు. ఆలస్యమైనను, అప్పుడప్పుడు కలహమైనను, అధికారమంతయు ఒక్క చేతిలో పడకుండుటయే ప్రజలకు రక్ష.

రెండవది జాతీయ దర్యాప్తు సంస్థ. 2008 నవంబరులో బొంబాయి నగరముపై జరిగిన ఉగ్రవాదుల దాడి తరువాత, అదే సంవత్సరము పార్లమెంటు చేసిన చట్టముచే ఇది ఏర్పడినది. ఉగ్రవాదము మొదలుగా ఆ చట్టపు పట్టికలో వ్రాసియున్న నేరములను మాత్రమే ఇది విచారించును. దీనికి రాష్ట్ర సమ్మతి అక్కరలేదు. అయినను ఒక విశేషము వినుడు. అట్టి నేరము జరిగినప్పుడు మొదట కేసు నమోదగునది సాధారణముగా ఊరి ఠాణాలోనే. ఠాణా అధికారి ఆ సంగతిని రాష్ట్ర ప్రభుత్వమునకు తెలుపును. రాష్ట్రము కేంద్రమునకు నివేదించును. కేంద్రము పదునైదు దినములలో నిర్ణయించును. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగరులో బాంబులు ప్రేలి అనేకులు మరణించిరి. ఆ కేసును ఈ సంస్థయే విచారించినది. 2016 డిసెంబరులో ఐదుగురిని దోషులుగా నిర్ణయించినది మాత్రము ఢిల్లీలో కాదు, హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానమే.

మూడవ తెగ పన్నులను, ధనమును, సరకులను కనిపెట్టు సంస్థలు. దొంగసొమ్మును తెల్లసొమ్ముగా మార్చు నేరములను ఎన్‌ఫోర్స్‌మెంటు డైరెక్టరేటు, అనగా ఇ.డి., విచారించును. దీని పుట్టుక 1956. నేడు దీనికి ముఖ్యాధారము 2002లో పార్లమెంటు ఆమోదించి, 2005 జూలై 1 నుండి అమలు జరుగుచున్న చట్టము. దొంగచాటు దిగుమతులను పట్టుటకు రెవెన్యూ ఇంటెలిజెన్సు డైరెక్టరేటు 1957లో ఏర్పడినది. మాదక ద్రవ్యములకై 1985లో చట్టమును, 1986లో ఒక నియంత్రణ సంస్థయు వచ్చినవి. గంజాయి విషయమున మన రాష్ట్ర పోలీసులకును, ఎక్సైజు వారికిని, ఈ కేంద్ర సంస్థకును, ముగ్గురికిని అధికారము గలదు. ఇక ఇంటెలిజెన్సు బ్యూరో అనునది 1887 నాటిది. సమాచారము సేకరించుటయే దాని పని. అరెస్టు చేయు అధికారము దానికి లేదు.

ఇవన్నియు ఒక్క మంత్రిత్వ శాఖ క్రింద నున్నవా? లేవు. సాయుధ దళములును, జాతీయ దర్యాప్తు సంస్థయు, మాదక ద్రవ్యముల సంస్థయు హోము శాఖ క్రింద నున్నవి. సి.బి.ఐ. సిబ్బంది వ్యవహారముల శాఖకు చెందినది. అవినీతి కేసులలో దానిని కేంద్ర విజిలెన్సు కమిషను పర్యవేక్షించును. ఇ.డి.యు, రెవెన్యూ ఇంటెలిజెన్సును ఆర్థిక శాఖవి. రైల్వే రక్షక దళము రైల్వే శాఖది, సముద్ర తీర రక్షక దళము రక్షణ శాఖది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. ఒక్కడే ఫోనులో "నేను సి.బి.ఐ.ని, నేనే ఇ.డి.ని, నేనే కస్టమ్సును" అని అన్ని శాఖలను మూటగట్టి మాట్లాడినచో, వాడు ఏ శాఖకును చెందినవాడు కాడని గ్రహింపుడు.

మీకు నిత్యము కనబడు రెండు ఉదాహరణములు చెప్పెదను. రైలు స్టేషనులో ఇద్దరు ఖాకీ దుస్తులవారు నిలిచియుందురు. ఇద్దరును ఒక్కటే యని మనమనుకొందుము. ఒకరు 1957 చట్టము క్రింద ఏర్పడిన కేంద్రపు రైల్వే రక్షక దళమువారు. మరియొకరు రాష్ట్రపు రైల్వే పోలీసువారు. రైల్వే ఆస్తిని ఎవడైన దొంగిలించిన మొదటివారు కేసు విచారింతురు. మీ సంచియో మెడలోని గొలుసో పోయినచో కేసు విచారించువారు రెండవవారు. ఇక లంచము సంగతి. మండల కచేరి గుమస్తా లంచమడిగిన మీరు రాష్ట్రపు అవినీతి నిరోధక శాఖకు చెప్పుకొనవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగి యడిగినచో సాధారణముగా సి.బి.ఐ.కి చెప్పుకొనవలెను. హైదరాబాదులోను విశాఖపట్టణములోను దానికి శాఖా కార్యాలయములు గలవు.

ఇన్ని చేతులుగా విడిపోయిన ఈ వ్యవస్థను కలిపియుంచు దారమొకటి గలదు. అది ఐ.పి.ఎస్. అధికారుల వర్గము. వీరిని ఎన్నుకొని నియమించునది కేంద్రము. ఎక్కువకాలము పనిచేయునది రాష్ట్రములలో. జిల్లా సూపరింటెండెంటుగా నున్నవారే కొంతకాలము కేంద్ర సంస్థలకు పోయి మరల వత్తురు. వీరికి శిక్షణనిచ్చు సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1948లో ఆబూ పర్వతముపై ఆరంభమై, 1975లో హైదరాబాదునకు తరలివచ్చినది. దేశమునందలి జిల్లా పోలీసు అధికారులలో పెక్కురు మన తెలుగు నేలమీద కొంతకాలము గడిపినవారే యని మనము సంతోషింపవచ్చును.

ఇక మీ హక్కుల సంగతి. 2024 జూలై 1 నుండి క్రొత్త నేర చట్టములు అమలులోనికి వచ్చినవి. నేరము ఎచ్చట జరిగినను, మీకు దగ్గరి ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనవలసినదే. "ఇది మా సరిహద్దు కాదు" అనరాదు. వ్రాసినదాని నకలు ఉచితముగా ఈయవలెను. ఠాణాలో నిరాకరించినచో జిల్లా సూపరింటెండెంటునకు వ్రాతమూలముగా పంపవచ్చును. అచ్చటను పని జరుగకున్న మేజిస్ట్రేటు నాశ్రయింపవచ్చును. అరెస్టు చేయు పోలీసు అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు కాగితముపై కుటుంబములోనివారో ఊరిలోని పెద్దమనిషియో సాక్షి సంతకము చేయవలెను. కారణము చెప్పవలెను, బంధువులకు తెలుపవలెను. ప్రయాణకాలము మినహాయించి ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను. ఇది రాజ్యాంగము ఇరువది రెండవ అధికరణములో ఇచ్చిన హామీ. ఊరి కానిస్టేబులునకును, ఢిల్లీ నుండి వచ్చిన దర్యాప్తు అధికారికిని ఈ హామీ సమానముగా వర్తించును.

ఇప్పుడు ఆ రైతు యింటికి మరల పోదము. ఫోను మ్రోగినది. అవతలివాడు గద్దించుచున్నాడు. కాని ఈ మారు రైతునకు కొన్ని సంగతులు తెలియును. అరెస్టనునది ఫోనులో జరుగదు. చట్టములో "డిజిటల్ అరెస్టు" అను మాటయే లేదు. నిజమైన అధికారి వ్రాతపూర్వకముగా నోటీసు ఇచ్చును. విచారణ పేర ఏ సంస్థయు మీ సొమ్మును తన ఖాతాకు పంపుమని అడుగదు. ఎవరితోను చెప్పవద్దని చట్టము చెప్పదు; బంధువులకు తప్పక చెప్పవలెననియే చెప్పును. కనుక రైతు నిదానముగా, "అయ్యా, తమరు ఎవరైనను కానిండు. మా ఊరి ఠాణాకు కాగితము పంపుడు, అచ్చటికి వచ్చి మాట్లాడెదను" అని ఫోను పెట్టివేయును. తరువాత 1930 సంఖ్యకు ఫోను చేసి సంగతి తెలుపును. సొమ్ము పంపియున్నచో సిగ్గుపడి దాచక వెంటనే ఆ సంఖ్యకు చెప్పవలెను. ఎంత త్వరగా చెప్పిన, ఆ సొమ్మును దారిలో నిలుపు అవకాశము అంత ఎక్కువ. ప్రాణాపాయ సమయమున 112కు ఫోను చేయవలెను.

పంచాయతీ సభ్యులారా, మీకొక మనవి. ఈ సంగతులు ఈ గదిలోనే మిగిలిపోరాదు. వచ్చు గ్రామ సభలో పది నిమిషములు దీనికై కేటాయింపుడు. ఒంటరిగా నుండు వృద్ధులకు, పిల్లలు దూర దేశములలో నున్న తలిదండ్రులకు, పొదుపు సంఘముల సోదరీమణులకు విడమరచి చెప్పుడు. బెదిరింపు ఫోను వచ్చినప్పుడు మొదట పొరుగువారిని పిలుచుట ఊరి అలవాటు కావలెను. అందరును సంగతి తెలిసియున్న ఊరిలో మోసగాడు కాలు మోపలేడు; నిజమైన అధికారియు తన హద్దు దాటలేడు.